ఆ ‘లే’ తీసేసి చెప్పు

రాత్రి పదకొండున్నర. ఏలూరు నుంచి మేనల్లుడి ఫోను.

“మావయ్యా, కంప్యూటర్ ఆన్ కావట్లేదు. రేపు సాయంత్రం అయిదింటికల్లా ప్రాజెక్టు పంపాలి. అంతా అందులోనే ఉంది.”

“దానికి కరెంటు అందుతోందా?”

“అందుతోందిలే.”

“చూశావా?”

“ఫ్యాను తిరుగుతోందిగా మావయ్యా!”

వాడు చెబుతున్నది నెత్తిమీద తిరిగే సీలింగ్ ఫ్యాను సంగతి. కంప్యూటర్‌లో ఫ్యాను కదల్లేదు.

తెలుగులో ‘లే’ అనే ఆ ఒక్క అక్షరం చాలా మంచి పనులు చేస్తుంది. ఏడ్చే పిల్లాణ్ణి ఊరుకోబెడుతుంది. అలిగిన వియ్యపురాల్ని భోజనానికి లేపుతుంది. ‘పోన్లే’ అన్నచోట సగం తగాదాలు చల్లారిపోతాయి. మనుషుల మధ్య ఎంతైనా వాడుకోండి. కరెంటు వస్తువు ముందు కూర్చున్నప్పుడు మాత్రం దాన్ని గడప బయట వదిలి రావాలి. ఎందుకంటే అక్కడ ‘లే’ అంటే అర్థం ఒక్కటే: నేను చూడలేదు.

ఆ రాత్రి అయిదు నిమిషాల్లో మావాడు ఇంకో మూడు అన్నాడు. వైరు బాగానే ఉందిలే. వెనక స్విచ్చు వేసే ఉందిలే. ఎస్‌ఎంపీఎస్ కొత్తదేలే. (ఎస్‌ఎంపీఎస్ అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె. కొత్తదంటే ఆరేళ్ల కిందటిది.)

“ఒరేయ్, ఓ కాగితం తీసుకో. మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు ‘చూశాను’, కుడివైపు ‘అనుకున్నాను’. నాతో చెప్పినవన్నీ ఎటువైపు వెళ్తాయో రాయి.”

రాశాడు. కుడివైపు నాలుగు వరసలు. ఎడమవైపు ఒకటే: బటన్ నొక్కాను, ఏమీ కాలేదు.

ఈ కాగితం పద్ధతి నేను కనిపెట్టింది కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. కంప్యూటర్ సామాన్ల బజారు. అక్కడ ఒక రిపేరు కుర్రాడు “ఏమైంది?” అని అడగడు. “మీరేం చూశారు?” అంటాడు. మొదటిసారి అడిగినప్పుడు నాకు కాస్త పౌరుషం వచ్చింది. జవాబు చెప్పబోతే నా దగ్గర సరుకేమీ లేదని తెలిసింది. ఆ ప్రశ్నను ఇప్పుడు ఇంట్లోనూ ఆఫీసులోనూ వాడుకుంటున్నాను. “ఆయన నామీద కోపంగా ఉన్నాడు” అని ఎవరైనా అంటే, చూశావా, అనుకున్నావా అని అడగండి. చాలాసార్లు వరస మారి కుడివైపుకు పోతుంది.

సరే, ప్రాజెక్టు మాట. “నీకు కంప్యూటర్ బాగుపడాలా, ప్రాజెక్టు వెళ్లాలా?” అన్నాను. కాసేపు మాట లేదు. రెండూ ఒకటే అనుకుంటున్నాడు పాపం. గడువు మెడ మీద ఉన్నప్పుడు అందరికీ అలాగే కనిపిస్తుంది. ఫైళ్లున్నది హార్డ్ డిస్కులో. చచ్చింది బహుశా కరెంటు పెట్టె. డిస్కు విప్పి స్నేహితుడి కంప్యూటర్‌కు తగిలిస్తే పని అయిపోతుంది. అర్ధరాత్రి, నిద్రమత్తులో, గడువు భయంతో ఎస్‌ఎంపీఎస్ మీద చెయ్యి వెయ్యడమెందుకు? పడుకోమన్నాను. మర్నాడు పొద్దున రెండు కంప్యూటర్లకూ ప్లగ్గులు పీకి, కేబినెట్ ఇనుమును ఓసారి ముట్టుకుని (ఒంట్లో పేరుకున్న స్టాటిక్ చార్జి పోవటానికి), డిస్కు మార్చుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు ప్రాజెక్టు వెళ్లిపోయింది.

రిపేరు మాత్రం శనివారం తీరిగ్గా, వీడియో కాల్‌లో మొదలుపెట్టాం.

గోడ దగ్గర్నుంచి రండి

కంప్యూటర్ చచ్చినట్టు పడి ఉంటే అందరూ ముందు డబ్బా మూత తీస్తారు. ఆ మూత దాకా మీరు బహుశా వెళ్లనక్కర్లేదు. గోడ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మజిలీ దాటుకుంటూ లోపలికి రండి. బయటివి చవక, తేలిక, ప్రమాదం తక్కువ.

సాకెట్‌లో ఫోను చార్జరు పెట్టి చూడండి. జంక్షన్ బాక్సు మీద ఎర్రలైటు వెలిగినంత మాత్రాన అందులో ప్రతి సాకెట్టూ పనిచేస్తున్నట్టు కాదు. మీ కంప్యూటర్ ఏ రంధ్రంలో ఉందో ఆ రంధ్రంలోనే చార్జరు పెట్టాలి. తర్వాత వైరు. దీనికి కొత్తది కొననక్కర్లేదు. చాలా మానిటర్లకూ సీపీయూ డబ్బాకూ ఒకేరకం పవర్ కేబుల్ ఉంటుంది. మానిటర్ వైరు పీకి దీనికి పెట్టండి. ఆ తర్వాత వెనకవైపు చిన్న స్విచ్చు: గీత గుర్తు వైపు నొక్కితే ఆన్, సున్నా వైపు నొక్కితే ఆఫ్. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆఫ్ అయిన కేసులు నాకే రెండు తెలుసు.

పాత ఎస్‌ఎంపీఎస్‌లలో అక్కడే ఇంకో ఎర్ర స్విచ్చు ఉంటుంది, దాని మీద 115, 230 అని అంకెలు. మన దేశంలో అది 230 మీదే ఉండాలి. పూర్వం నేను పనిచేసిన చోట ఒకాయన “ఇదేంటో చూద్దాంలే” అని దాన్ని 115 వైపు జరిపి స్విచ్చు వేశాడు. ఢామ్మంది. 115 మీద పెడితే లోపలి సర్క్యూట్ వచ్చిన వోల్టేజీని రెట్టింపు చేసుకుంటుంది, మన కరెంటు అసలే దానికి రెట్టింపు. కెపాసిటర్లు పేలిపోయాయి. ఆయనకేమీ కాలేదు గానీ నెల్లాళ్లపాటు ఏ స్విచ్చూ ఆయన వెయ్యలేదు, అటెండర్ని పిలిచేవాడు.

కేబినెట్‌ను చేత్తో తాకితే జిల్లుమంటోందా? మన ఇళ్లలో ఇది ఎంత మామూలంటే, ఫిర్యాదు కూడా చెయ్యం, చెప్పులు వేసుకుని ముట్టుకుంటాం. ఎర్త్ లేదని దాని అర్థం. ఎస్‌ఎంపీఎస్ గుమ్మంలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్త్ తీగలోకి పంపేలా కట్టి ఉంటాయి. ఆ తీగకు దారి లేకపోతే డబ్బా మీదే సుమారు 115 వోల్టులు తేలుతూ ఉంటాయి. కరెంటు అతి స్వల్పం కాబట్టి జిల్లుతో పోతుంది. కానీ రేపు లోపల నిజంగా ఏదన్నా తెగి ఫేజు డబ్బాకు తగిలితే, పారిపోవటానికి దానికీ దారి ఉండదు, మీ ఒళ్లు తప్ప. ప్లగ్గులో లావుపాటి పిన్నును విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చేవాళ్లు ఆ పని మానండి. ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఎర్త్ వేయించండి. పనిలో పని, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమనండి. లీకేజీ ఆ స్థాయికి చేరేలోపే అది సరఫరా తెంచేస్తుంది.

నాకు తగిలిన దెబ్బ

ఇంతవరకూ పెద్దమనిషిలా చెబుతున్నాను గానీ, నేనూ ఒకప్పుడు “ఆఫ్ చేశాలే” అన్నవాణ్ణే. అద్దె ఇంట్లో ఉన్న రోజులు. స్విచ్చు ఆపి, ప్లగ్గు అలాగే ఉంచి, వదులైన వైరు బిగిద్దామని వేలు పెట్టాను. మోచేతి దాకా కొట్టింది. తర్వాత తెలిసింది: ఆ ఇంటికి వైరింగ్ చేసినాయన స్విచ్చును ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద పెట్టాడు. స్విచ్చు ఆపితే బల్బు ఆరుతుంది, ఫేజు మాత్రం వైరులో అలాగే కాచుకుని ఉంటుంది.

అప్పట్నుంచి నాకు ఆఫ్ అంటే ప్లగ్గు పీకి, దాన్ని కంటికి కనబడేలా బల్ల మీద పెట్టుకోవటం. స్విచ్చు ఎటువైపు ఉందన్నది నేను అనుకునే సంగతి. ప్లగ్గు బల్ల మీద ఉందన్నది చూసే సంగతి. ప్లగ్గు పీకాక కంప్యూటర్ ముందువైపు బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టండి. బోర్డు వైపు మిగిలిన చార్జి దిగిపోతుంది.

బోర్డు వైపు అన్నాను, గమనించండి. ఎస్‌ఎంపీఎస్ లోపలి సంగతి వేరు. గోడ నుంచి వచ్చిన 230 వోల్టుల ఏసీని అది ముందు డీసీగా మారుస్తుంది. శిఖరం లెక్కన అది సుమారు 325 వోల్టులు. పవర్ ఫ్యాక్టర్ దిద్దే సర్క్యూట్ ఉన్న రకాల్లో 380 దాకా వెళ్తుంది. అదంతా పెద్ద కెపాసిటర్లలో నిల్వ ఉంటుంది. ప్లగ్గు పీకాక ఆ నిల్వను ఖాళీ చెయ్యటానికి రెసిస్టర్లు పెడతారు. అవే పోయిన పెట్టెలో నిల్వ ఎంతసేపుంటుందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. అసలు మనం విప్పబోయేది పాడైన పెట్టెనే కదా. అందులో ఏవి పోయాయో, ఏవి ఉన్నాయో!

కాబట్టి కంప్యూటర్ డబ్బా మూత తీయొచ్చు, ఎస్‌ఎంపీఎస్ మూత తీయకూడదు. గీత అక్కడ ఉంది. “ఫ్యూజు పోయి ఉంటుందిలే, మార్చేస్తే సరి” అనేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. లోపలి ఫ్యూజు ఊరికే పోదు. చాలావరకు దాని వెనకాల ఏదో షార్టయ్యి ఉంటుంది, కొత్త ఫ్యూజూ అదే దారి పడుతుంది. మాకు ధైర్యం ఉందంటారా? మంచిదే. ఆ స్క్రూల జోలికి పోనని అందరిముందూ చెప్పటానికి కూడా కాస్త ధైర్యం కావాలి, ముఖ్యంగా పక్కన బామ్మర్ది నిలబడి చూస్తున్నప్పుడు.

కాలిన వాసన, పొగ, టప్‌మన్న చప్పుడు. ఏ ఒక్కటి వచ్చినా పరీక్షలన్నీ రద్దు. మెయిన్ ఆపండి, నీళ్లు పొయ్యొద్దు, ఆ పెట్టెను మళ్లీ ఆన్ చెయ్యొద్దు. ఎవరికైనా షాక్ కొడితే వాళ్లను పట్టుకుని లాగొద్దు. ముందు మెయిన్, అది అందకపోతే పొడి కర్రతో విడదీయటం, ఆ వెంటనే 108. ఇందుకే ఈ పనికి ఒంటరిగా కూర్చోవద్దంటాను. శనివారం మావాడి పక్కన మా అక్క కూర్చుంది, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ.

రంగులు, అంకెలు

చార్జరు పరీక్ష అయింది. కేబుల్ మార్చాడు. వెనక స్విచ్చు చూశాడు. కాగితంలో ఎడమవైపు మూడు వరసలు పెరిగాయి. డబ్బా మూత తీయించాను. చాలా మదర్‌బోర్డుల మీద ఒక చిన్న లైటు ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చెయ్యకపోయినా, గోడ కరెంటు ఉన్నంతసేపూ వెలుగుతుంది. వాడి బోర్డు మీద కూడా ఉండేదట. ఇప్పుడు వెలగలేదు.

అది వెలిగి ఉంటే దారి మరోలా ఉండేది. ముందు బటన్‌ను అనుమానించేవాళ్లం. బటన్ తీగ పీకి, ఆ పిన్నులకు రీసెట్ బటన్ తీగ తగిలించి నొక్కితే తేలిపోతుంది. తర్వాత ర్యామ్ తీసి మళ్లీ బిగించటం, యూఎస్‌బీలన్నీ పీకెయ్యటం. ఎక్కడో ఒక పరికరం షార్టయితే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోటానికి మూసుకుపోతుంది. అన్నీ పీకి, ప్లగ్గు తీసి కొన్ని నిమిషాలు వదిలేస్తే కొన్ని మళ్లీ లేస్తాయి. అప్పుడు ఒక్కొక్కటే తగిలిస్తూ రావాలి. ఒకసారికి ఒక్కటే మార్పు. మూడు మార్చి బాగుపడితే, ఏది బాగుచేసిందో ఎప్పటికీ తెలియదు. ఉద్యోగం, ఊరు, డైటింగ్ ఒకే నెలలో మార్చి “ఏదో తేడాగా ఉంది” అనేవాళ్లను చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది.

మావాడి కేసులో అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదికి తిరిగింది. ప్లగ్గు పీకి, బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ సహా దాని తీగలన్నీ విడదీయించాను. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చాక ఈ తీగల రంగులు స్థిరపడ్డాయి. పసుపు 12 వోల్టులు. ఎరుపు 5. నారింజ 3.3. నలుపు గ్రౌండు. ఆకుపచ్చ అంటే నిద్రలేపే తీగ, దాన్ని నలుపుతో కలిపితే పెట్టె లేస్తుంది. ఊదారంగు అన్నిటికంటే ముందు మేల్కొని, అన్నిటికంటే ఆఖర్న పడుకునేది. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా అందులో 5 వోల్టులు ఉంటాయి. ముందు బటన్ నొక్కిన సంగతి బోర్డుకు తెలియాలంటే ఆ కాస్త కరెంటు ఉండాలి. మా అమ్మ అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించేది, అలా అన్నమాట.

కొత్త పెట్టెల్లో కొన్నిటికి తీగలన్నీ నల్లగానే ఉంటాయి. కొన్ని కంపెనీల డెస్క్‌టాప్‌లకు సొంత కనెక్టర్లుంటాయి. అలాంటిచోట రంగు చూసి ఊహించొద్దు, పిన్నుల పటం ముందు పెట్టుకోండి. 24 పిన్నుల ఏటీఎక్స్ కనెక్టర్‌లో నిద్రలేపే పిన్ను 16వది.

పేపర్ క్లిప్పు పరీక్ష చాలామందికి తెలుసు. క్లిప్పును యూ ఆకారంలో వంచి ఆకుపచ్చకూ నలుపుకూ మధ్య పెట్టాలి, ప్లగ్గు పీకి ఉన్నప్పుడే పెట్టాలి, తర్వాతే ప్లగ్గు. మావాడు పెట్టాడు. ఫ్యాను కదల్లేదు. కదిలి ఉంటే “బాగానే ఉందిలే” అని గంతులేసేవాడు, నేను ఆపాల్సి వచ్చేది. ఫ్యాను తిరగటం అంటే పెట్టె లేచిందని మాత్రమే. లేచినవాళ్లందరూ పనికి వెళ్తారా? కొన్ని మంచి రకాల్లో బరువు పడేదాకా ఫ్యాను తిరగదు కూడా. అంకె కావాలి. అంకె కావాలంటే మల్టీమీటర్ కావాలి.

మీటరు పట్టుకునే ముందు రెండు సంగతులు. ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో ఉందా చూడండి, 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టేజీ కొలవబోతే మీటరే షార్టవుతుంది. గుండ్రటి మీట డీసీ 20 మీద పెట్టండి. గోడ సాకెట్‌లో పుల్లలు పెట్టే సరదా వద్దు. మనం కొలిచేది పెట్టె బయటికి వచ్చే తీగల్ని మాత్రమే. నల్లపుల్ల నల్లతీగకు, ఎర్రపుల్ల మిగతావాటికి. పక్క పిన్నుకు జారి తగలకుండా చూసుకోండి.

12 ఉండాల్సిన చోట 11.4 నుంచి 12.6 దాకా, 5 ఉండాల్సిన చోట 4.75 నుంచి 5.25 దాకా రావొచ్చు. అంటే అటూఇటూ 5 శాతం. బయట పడితే అది పాడైనట్టే. లోపల ఉన్నా పూర్తిగా నమ్మొద్దు. పని లేనప్పుడు 12 చూపించి, గేమ్ మొదలెట్టగానే కుంగిపోయే పెట్టెలుంటాయి. మధ్యమధ్య దానంతటదే రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్లలో చాలావాటి గొడవ ఇదే. దానికి తిరుగులేని పరీక్ష, బాగా పనిచేస్తున్న ఇంకో ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడటం. తెచ్చేటప్పుడు దాని తీగలతో సహా తెచ్చుకోండి. ఊడదీసుకునే తీగలున్న రకాల్లో పెట్టె వైపు పిన్నుల వరస కంపెనీకి ఒక తీరు. ఒకదాని తీగ ఇంకోదానికి చక్కగా దూరుతుంది, చక్కగా హార్డ్ డిస్కును కాల్చేస్తుంది.

“ఊదా చూడు” అన్నాను.

“తక్కువే వస్తోంది మావయ్యా.”

“ఎంత?”

“తక్కువే...”

“అంకె చెప్పరా.”

“2.1.”

ఆరేళ్లు ఎండనూ వేడినీ ఓర్చుకున్న చిన్న కెపాసిటర్ ఏదో ఎండిపోయి ఉండొచ్చు. ఇది కుడివైపు వరసే, నేనూ చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. 5 ఉండాల్సిన చోట 2.1 వస్తోందన్నది ఎడమవైపు పడింది. కొత్తది కొనటానికి అది చాలు.

ఈ పెట్టెలో ఇంకో తీగ ఉంది, బూడిద రంగుది. నాకు దానిమీద ప్రత్యేకమైన గౌరవం. ఎస్‌ఎంపీఎస్ లేచిన మరుక్షణం “రెడీ” అనదు. 12, 5, 3.3 సరిగ్గా నిలబడ్డాయా అని తనే చూసుకుంటుంది. సెకనులో పదోవంతు నుంచి అర సెకను దాకా ఆగి, అప్పుడు బూడిద తీగ మీద 5 వోల్టులు పెడుతుంది. ఆ కబురు అందేదాకా మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను లేవనివ్వదు. ఇంటర్వ్యూలో ప్రశ్న పూర్తికాకముందే జవాబు అందుకునే పిల్లలకు నేను దీని కథే చెబుతాను. అర సెకను ఎవరూ గమనించరు, ఈలోగా మూడు తీగలు చూసుకోవచ్చు.

కొనేటప్పుడు ఒక్క సంగతి. పెట్టె మీద పెద్దక్షరాల్లో 450 అనో 500 అనో రాసి ఉంటుంది. అది చూసి సంతోషపడకండి. పక్కన చిన్నక్షరాల పట్టికలో 12 వోల్టుల వరసలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూసి 12తో గుణించండి. 16 ఉంటే 192 వాట్లు. ఇప్పటి కంప్యూటర్లు తిండి ఎక్కువగా ఆ తీగ నుంచే తింటాయి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి మొత్తం ఎస్‌ఎంపీఎస్ 63.5 వాట్లది. నేటి గేమింగ్ కార్డు ఒక్కటే దానికి ఎన్నో రెట్లు మింగేస్తుంది. మావాడికి గేమింగ్ కార్డు లేదు కాబట్టి వాళ్లమ్మకు ఖర్చు తగ్గింది. తీసిన కార్డుల చోట వెనకవైపు ఖాళీ సందులకు రేకులు కూడా వేయించాను. వెచ్చగా ఉండే ఆ డబ్బాలోకి బల్లులు దూరి, షార్టయి, తాము పోయి దాన్నీ తీసుకుపోతాయి.

ఆదివారం కొత్తది బిగించాడు. బోర్డు మీద లైటు వెలిగింది. ఫోటో పంపాడు. ఆ వెనకే ఇంకో ఫోటో: పాత పెట్టె మీద నల్ల మార్కరుతో రాశాడు, “పాడైంది. ఊదా తీగ 2.1. ఆన్ చెయ్యొద్దు.” కింద తేదీ. నేనేమీ చెప్పకుండానే తీగ పేరూ అంకే వేశాడు. ఈ-వేస్ట్ వాళ్లకు ఇచ్చెయ్యమన్నాను.

సాయంత్రం అక్కతో మాట్లాడుతుంటే అడిగాను, ఇచ్చేశారా అని.

“ఎందుకురా ఇచ్చెయ్యటం? అటక మీద పెట్టాను. ఎప్పటికైనా పనికొస్తుందిలే.”